సొంత చేతులతో సెల్‌ఫోన్: ఓపెన్ సోర్స్ ఫోన్ల తొలి ఇరవై ఏళ్లు

1975 మార్చిలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో ఒక గ్యారేజీలో మొదలైన హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ సభ్యులు విడిభాగాలు కొనుక్కొని, సర్క్యూట్ పటాలు ఒకరికొకరు ఇచ్చుకొని, కంప్యూటర్లను తామే తయారు చేసుకోగలిగారు. ప్రాసెసర్ చిప్పుల వివరాలను తయారీదారులే అచ్చువేసి పంచిపెట్టడం, చిప్పుల కాళ్లు మామూలు సోల్డరింగ్ ఐరన్‌కు అందేంత ఎడంగా ఉండడం, పూర్తయిన యంత్రాన్ని నడపడానికి ఎవరి అనుమతీ అవసరం లేకపోవడం అనే మూడు పరిస్థితులు వారికి కలిసివచ్చాయి. ముప్పై ఏళ్ల తరువాత అదే ప్రాంతంలో సెల్‌ఫోన్‌ను కూడా అలాగే తయారు చేయాలని పూనుకున్నవారికి ఈ మూడింటిలో ఒక్కటీ మిగలలేదు. అయినా వారూ, వారి తరువాత జర్మనీ, తైవాన్, చైనా, అమెరికాలలో ఆ పనిని కొనసాగించినవారూ సాధించింది తక్కువేమీ కాదు; ఎంతవరకు వెళ్లగలిగారో, ఎక్కడ ఆగిపోయారో పరిశీలిస్తే నేటి సెల్‌ఫోన్ పరిశ్రమ స్వరూపమే బయటపడుతుంది.

ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాము మూలపాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదివి, మార్చి, మార్చినదాన్ని తిరిగి పంచుకునే హక్కుతో విడుదల చేయడం. ఇదే సూత్రాన్ని యంత్రానికి వర్తింపజేస్తే సర్క్యూట్ పటం, బోర్డుపై భాగాల అమరిక, పెట్టె కొలతలు కూడా బయటపెట్టవలసి వస్తుంది. సెల్‌ఫోన్ విషయంలో ఈ ఆశయానికి అడ్డు ఎక్కడ వస్తుందో గ్రహించాలంటే, చేతిలో ఒకటిగా కనిపించే ఆ వస్తువులో నిజానికి రెండు కంప్యూటర్లు ఉన్నాయన్న సంగతి ముందుగా తెలియాలి. తెరను, మీటలను, ఫోటోలను, సందేశాలను చూసుకునేది మొదటి కంప్యూటరు. దాన్ని అప్లికేషన్ ప్రాసెసర్ అంటారు. టవరుతో రేడియో తరంగాల ద్వారా సంభాషించేది రెండవది. దాని పేరు బేస్‌బ్యాండ్ ప్రాసెసర్, వాడుకలో మోడెమ్. దీనికి సొంత మెమరీ, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి, ఫోన్ యజమాని చూడలేని ప్రోగ్రాము ఇందులో నిరంతరం నడుస్తూ ఉంటుంది. టవరుకూ ఫోనుకూ మధ్య సంభాషణ ఎలా సాగాలో చెప్పే జీఎస్‌ఎం ప్రమాణాలు వేల పుటల్లో ఉన్నా వాటిని ఎవరైనా ఉచితంగా తెచ్చుకొని చదువుకోవచ్చు. ఆ ప్రమాణాలను చిప్పులో అమలు చేసే ప్రోగ్రాములు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగల సంస్థల చేతిలో, పేటెంట్ల రక్షణలో, రహస్యంగా ఉండిపోయాయి. ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నాలన్నీ ఏదో ఒక దశలో ఈ రెండవ కంప్యూటరు దగ్గరికే వచ్చి ఆగాయి.

తొలి ప్రయత్నాలు 2005 ప్రాంతంలో సిలికాన్ వ్యాలీలో కనిపిస్తాయి. పాత కంప్యూటర్ క్లబ్బు పేరును తలపించేలా హోంబ్రూ మొబైల్ ఫోన్ క్లబ్ అని పేరు పెట్టుకున్న ఔత్సాహికుల బృందం, గమ్‌స్టిక్స్ అనే సంస్థ అమ్మే చిన్న లినక్స్ బోర్డుకు ఒక జీఎస్‌ఎం మాడ్యూలును జోడించి టక్స్‌ఫోన్ అనే నమూనాను రూపొందించింది. మాడ్యూల్ అంటే మోడెమ్ చిప్పును, దాని రేడియో భాగాలను, రహస్య ప్రోగ్రామును ఒకే చిన్న పలకపై అమర్చి, పరీక్షలన్నీ పూర్తి చేసి అమ్మే సిద్ధ భాగం. నీటి మీటర్లు, లారీల జాడ చూపే పరికరాలు, కార్డు యంత్రాల వంటి వాటి కోసం పుట్టిన ఈ భాగమే ఇంట్లో ఫోన్ తయారు చేయాలనుకున్నవారికి తలుపు తెరిచింది. 2006 ఆగస్టులో నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ సంస్థ లినక్స్‌తో నడిచే గ్రీన్‌ఫోన్‌ను ప్రకటించి, ప్రోగ్రాములు రాసేవారికి 695 డాలర్లకు అమ్మింది కానీ, మరుసటి ఏడాదే దాని ఉత్పత్తిని ఆపివేసింది.

ఈ రంగానికి నిజమైన ఆరంభం ఓపెన్‌మోకో. తైవాన్‌కు చెందిన ఫస్ట్ ఇంటర్నేషనల్ కంప్యూటర్ సంస్థ ఆశ్రయంలో, షాన్ మాస్-పల్ట్జ్ నాయకత్వంలో 2006 నవంబరులో ప్రకటితమైన ఈ ప్రాజెక్టుకు జర్మనీకి చెందిన లినక్స్ కెర్నల్ నిపుణుడు హరాల్డ్ వెల్టే వ్యవస్థ నిర్మాణ బాధ్యత వహించాడు. మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి తొలి సెల్‌ఫోన్ కాల్ చేసిన సంవత్సరాన్ని గుర్తుచేస్తూ మొదటి నమూనాకు నియో 1973 అని పేరు పెట్టారు. 2007 జూలైలో 300 డాలర్ల ధరకు అమ్మకానికి వచ్చిన ఆ ఫోనులో 266 మెగాహెర్ట్జ్ శాంసంగ్ ప్రాసెసర్, 128 మెగాబైట్ల మెమరీ, 2.8 అంగుళాల తెర ఉన్నాయి, వైఫై లేదు. దాని వారసుడు నియో ఫ్రీరన్నర్ 2008 మధ్యలో 399 డాలర్లకు వచ్చింది. పెట్టె ఆకృతుల ఫైళ్లను అదే ఏడాది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు, సర్క్యూట్ పటాలను కూడా ప్రచురించారు. అమ్మకానికి ఉన్న ఒక సెల్‌ఫోన్ లోపలి నిర్మాణాన్ని దాని తయారీదారే జనం ముందు పరచడం అప్పటివరకు ఊహకు అందని సంగతి.

అయితే ఆ పటాల్లో ఒక భాగం చుట్టూ గీత గీసి ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసిన కాలిప్సో అనే మోడెమ్ చిప్పును సంస్థ గోప్యతా ఒప్పందంపై సంతకం చేసి తెచ్చుకుంది కనుక దాని ప్రోగ్రామునూ, దాని పత్రాలనూ బయటపెట్టే హక్కు దానికి లేదు. ఈ పరిమితిని నిర్మాతలు దాచలేదు. మోడెమ్‌ను మిగతా ఫోను నుంచి విడదీసి, రెండింటి మధ్య ఒక సీరియల్ తీగ ద్వారా మాత్రమే ఆదేశాలు నడిచేలా చేశారు. ఈ విభజన తరువాతి స్వేచ్ఛా ఫోన్లన్నింటికీ ఒరవడి అయింది, ఓపెన్‌మోకో మిగిల్చిన ఆలోచనల్లో అత్యంత విలువైనది బహుశా ఇదే. గోప్యత ఎంత బరువైనదో మొదటి నమూనాలోని జీపీఎస్ చిప్పు కూడా చూపించింది: దాన్ని నడపడానికి తయారీదారు ఇచ్చిన రహస్య ప్రోగ్రాము తప్ప మార్గం లేకపోవడంతో, రెండవ నమూనాలో సంస్థ బహిరంగ పద్ధతిలో మాట్లాడే యూ-బ్లాక్స్ చిప్పుకు మారింది. గ్రాఫిక్స్ కోసం చేర్చిన గ్లామో చిప్పు పత్రాలూ గోప్యతా ఒప్పందం కిందనే ఉండిపోయాయి. పైగా ఆ చిప్పుకూ ప్రధాన ప్రాసెసరుకూ మధ్య దారి ఇరుకు కావడంతో, వేగం కోసం చేర్చిన భాగమే తెరపై బొమ్మలు కదిలే వేగాన్ని తగ్గించింది.

ఫ్రీరన్నర్ లోపాల చరిత్రను కొంత వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఫోను తయారీలో కష్టం ఏ రూపంలో ఎదురవుతుందో అవి తేటతెల్లం చేస్తాయి. జీఎస్‌ఎం పద్ధతిలో ఒకే పౌనఃపున్యాన్ని ఎనిమిది మంది పంచుకోవడానికి కాలాన్ని ముక్కలు చేస్తారు; ఒక్కో ఫోను సుమారు 4.6 మిల్లీ సెకన్లకు ఒకసారి, తన వంతు వచ్చినప్పుడు, 577 మైక్రో సెకన్ల పాటు మాత్రమే ప్రసారం చేస్తుంది. అంటే సెకనుకు 217 సార్లు రేడియో ఒక్కసారిగా శక్తిని లాగి వదిలివేస్తుంది, 217 హెర్ట్జ్ అనేది మనిషి చెవికి స్పష్టంగా వినపడే స్వరం. మైకు దగ్గరి తీగలకు ఈ తాకిడి సోకితే అవతలి వ్యక్తికి మాటల వెనుక గుయ్యిమనే మోత వినిపిస్తుంది. ఫ్రీరన్నర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. బోర్డు విప్పి, ఒక కెపాసిటర్‌ను చేత్తో అతికించి ఆ మోతను వదిలించే మరమ్మతును వాడకందారులు ఊరూరా గుమిగూడి చేసుకున్నారు. రెండవ లోపం జీపీఎస్‌ది. మెమరీ కార్డుకు వెళ్లే గడియార సంకేతం ఉపగ్రహాల నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాలను ముంచివేస్తుండడంతో ఫోనుకు తన స్థానం తెలియడానికి చాలా సేపు పట్టేది. అవసరం లేనప్పుడు ఆ గడియారాన్ని ఆపే ప్రోగ్రాము సవరణ, ఒక చిన్న కెపాసిటర్ దీన్ని పరిష్కరించాయి.

మూడవ లోపం వేరు. బ్యాటరీ ఆదా కోసం మోడెమ్ గాఢనిద్రలోకి వెళ్లినప్పుడల్లా కొన్ని ఫోన్లు నెట్‌వర్క్‌ను కోల్పోయి తిరిగి నమోదు చేసుకుంటూ ఉండేవి. లోపాల పట్టికలో 1024వ సంఖ్యతో ప్రసిద్ధికెక్కిన ఈ సమస్య మూసిన చిప్పు లోపల జరుగుతున్నది కావడంతో, వందల మంది నేర్పరులు చూస్తున్నా కారణం సులభంగా దొరకలేదు. నిద్రను పూర్తిగా నిషేధిస్తే ఫోను పనిచేసేది, బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోయేది. చివరకు దీనికీ ఒక కెపాసిటర్ మార్పే మందు అయింది. మొదటి రెండు లోపాలను పటాలు చూసి పట్టుకోవడానికీ, మూడవదాన్ని చీకట్లో తడుముతూ పట్టుకోవడానికీ ఉన్న తేడాలో ఓపెన్ హార్డ్‌వేర్ అవసరం ఏమిటో స్పష్టంగా కనిపిస్తుంది.

2009 ఏప్రిల్‌లో ఓపెన్‌మోకో తదుపరి ఫోను పనిని ఆపివేసి, వికీపీడియాను చేతిలో పట్టుకు తిరిగే వికీరీడర్ అనే చిన్న పరికరం వైపు మళ్లింది. 2008 అక్టోబరులో హెచ్‌టీసీ డ్రీమ్ రూపంలో ఆండ్రాయిడ్ మార్కెట్లోకి వచ్చి, తానూ ఓపెన్ సోర్స్ అని చెప్పుకోవడం ఓపెన్‌మోకో పతనానికి ఒక కారణంగా చెబుతారు. అది కొంతవరకే నిజం. రెండు మూడేళ్లలో ఫోను సాఫ్ట్‌వేర్‌ను పలుమార్లు కొత్తగా మొదలుపెట్టడం, పూర్తి కాని ఫోనును సామాన్యుడికి అమ్మబోవడం అంతకన్నా పెద్ద కారణాలు. ఆండ్రాయిడ్ మూలపాఠం బహిరంగమే అయినా, దానితో వచ్చే ఫోన్లలో కెమెరా, గ్రాఫిక్స్, వైఫై, మోడెమ్ నడిపే ప్రోగ్రాములు మూసే ఉండేవి. ఆ మూసిన భాగాలను తొలగించాలని 2010లో మొదలైన రెప్లికెంట్ ప్రాజెక్టు సభ్యులు, కొన్ని శాంసంగ్ గెలాక్సీ ఫోన్లలో మోడెమ్ పంపే ఆదేశాలకు లోబడి ఫోను నిల్వలోని ఫైళ్లను చదివే, రాసే వీలు కల్పించే భాగం ఉందని 2014 మార్చిలో బయటపెట్టారు. మోడెమ్‌ను వేరుగా ఉంచాలన్న ఓపెన్‌మోకో పట్టుదల ఎంత ముందుచూపుతో కూడినదో అప్పుడు తేలింది.

తెలుగు పాఠకులకు ఈ మూసిన ప్రోగ్రాముల విషయం దూరపుది కాదు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాలు గడులుగానో, గుణింతాలు విడిపోయో కనిపించిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అదే కాలంలో లినక్స్ డెస్క్‌టాప్ నుంచి నేరుగా వచ్చిన పాంగో వంటి ఓపెన్ సోర్స్ అక్షరాల అమరిక ప్రోగ్రాములు తెలుగు ఒత్తులను కూర్చడం నేర్చి ఉన్నాయి. అంతకన్నా గట్టి ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో ఎదురైంది: ఒక తెలుగు సంయుక్తాక్షరం సందేశంలో వస్తే ఐఫోనులోని ప్రోగ్రాములు కుప్పకూలిపోయేవి. ఆ అక్షరం తమదైన కోట్ల మందికి దాన్ని సరిచేసుకునే అవకాశం లేదు. ఆపిల్ సంస్థ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా వేచి ఉండడమే మిగిలింది.

మూసిన మోడెమ్‌నే తెరవాలన్న ప్రయత్నం ఓపెన్‌మోకోలో పనిచేసినవారి నుంచే వచ్చింది. కాలిప్సో చిప్పు పత్రాలు కాలక్రమంలో బయటికి పొక్కి అంతర్జాలంలో తిరుగుతుండడంతో, హరాల్డ్ వెల్టే, సిల్వాన్ మునో తదితరులు 2010లో ఆస్మోకామ్‌బీబీ అనే ప్రాజెక్టును ప్రారంభించారు. అదే చిప్పును వాడిన మోటరోలా సీ118, సీ123 వంటి అతి చవక ఫోన్లు పాత సామాన్ల మార్కెట్లో విరివిగా దొరికేవి. రేడియోను నడిపే అట్టడుగు పొరను ఆ ఫోనులోనూ, పై పొరలను తీగతో కలిపిన కంప్యూటరులోనూ నడిపి, పూర్తిగా బహిరంగమైన మూలపాఠంతో జీఎస్‌ఎం నెట్‌వర్క్‌పై కాల్ చేయవచ్చని వారు నిరూపించారు. ఆ ఏడాది చివర బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో కార్‌స్టెన్ నోల్, మునో ఇవే చవక ఫోన్లతో జీఎస్‌ఎం సంభాషణలను పట్టుకొని రహస్య సంకేతాలను ఛేదించి చూపినప్పుడు, జీఎస్‌ఎం రక్షణలోని బలహీనత లోకానికి స్పష్టంగా తెలిసింది. అయినా ఆస్మోకామ్‌బీబీ ఇంట్లో తయారయ్యే ఫోనుకు గుండె కాలేకపోయింది. ఒకటి, అది కంప్యూటరుకు కట్టిన తీగ నుంచి విడివడలేదు. రెండు, ప్రభుత్వ లైసెన్సు పొందిన తరంగాలపై ప్రసారం చేసే పరికరానికి ఆమోద పరీక్షలు తప్పనిసరి. లోపలి ప్రోగ్రామును మార్చిన క్షణమే ఆ ఆమోదం చెల్లకుండా పోతుంది. మూడు, 2జీకి, అంటే జీఎస్‌ఎంకు, తప్ప ఆ తరువాతి తరాలకు అటువంటి పత్రాలు పొక్కిన చిప్పు దొరకలేదు.

మోడెమ్‌ను తెరవడం సాధ్యం కాకపోతే దాన్ని మాడ్యూలుగా కొని, మిగతా అంతా చేత్తో తయారు చేయవచ్చునన్న దారిని అందరికన్నా శ్రద్ధగా పరిశీలించినవాడు డేవిడ్ మెల్లిస్. ఆర్డుయినో బోర్డు వ్యవస్థాపకుల్లో ఒకడైన అతను ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో 2013 ప్రాంతంలో రూపొందించిన ఫోను, 128 కిలోబైట్ల ప్రోగ్రాము స్థలం, 16 కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉన్న ఏటీమెగా1284పీ అనే మైక్రోకంట్రోలరుపై నడిచేది. దాని పెట్టె లేజరుతో కోసిన ప్లైవుడ్. సుమారు అరవై విడిభాగాలను మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో అతికించగలిగేలా ఎంచుకోవడం ఆ రూపకల్పనలోని అసలు నైపుణ్యం; నేటి ఫోను చిప్పులకు అంచుల్లో కాళ్లు ఉండవు, అడుగున అర మిల్లీమీటరు కన్నా తక్కువ ఎడంతో వందల టంకపు గుండ్లు ఉంటాయి, వాటిని అతికించడానికి కొలిమి, అనేక పొరల బోర్డు, అతికాయో లేదో చూడడానికి ఎక్స్‌రే కావాలి. మెల్లిస్ ఫోను కాల్ చేసేది, సందేశం పంపేది, పేర్లు దాచుకునేది, సమయం చెప్పేది. దాన్ని అతను చాలాకాలం తన నిత్యోపయోగానికి వాడాడు, ఇతరుల చేత కూడా కార్యశాలల్లో తయారు చేయించాడు. విడిభాగాలకే 200 డాలర్ల వరకు అయ్యేది; అదే పని చేసే ఫోను దుకాణంలో అందులో పదోవంతుకు దొరికేది. ఈ లెక్క చూసి ఆ పనిని వృథా అనడం తగదు, ఎందుకంటే సొంతంగా తయారు చేసుకున్న వ్యక్తికి తన ఫోను ఏం చేస్తుందో మాడ్యూలు అంచుదాకా పూర్తిగా తెలుసు, విరిగితే బాగుచేయడం తెలుసు.

2014లో డేవిడ్ హంట్ అనే ఐర్లాండ్ ఔత్సాహికుడు రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు, చిన్న తాకుతెర, సిమ్900 మాడ్యూలు కలిపి 158 డాలర్లకు పైఫోన్‌ను చేసి చూపడంతో ఈ బాట ప్రచారంలోకి వచ్చింది. ఇటువంటి ఫోన్లు చేసినవారికి ఎదురైన మొదటి చిక్కు విద్యుత్తుది. పైన చెప్పిన 577 మైక్రో సెకన్ల ప్రసార సమయంలో జీఎస్‌ఎం మాడ్యూలు దాదాపు 2 ఆంపియర్ల కరెంటును ఒక్కసారిగా లాగుతుంది; బ్యాటరీ తీగలు సన్నగా ఉన్నా, మాడ్యూలు పక్కన తగినంత పెద్ద కెపాసిటర్ లేకున్నా వోల్టేజి పడిపోయి, సరిగ్గా కాల్ కలిసే సమయానికి మోడెమ్ ఆగి మళ్లీ మొదలవుతుంది. స్పీకరు మాట మైకులోకి చేరి ప్రతిధ్వని కావడం, యాంటెన్నాను చేయి కప్పినప్పుడు సంకేతం తగ్గడం, లిథియం బ్యాటరీని సురక్షితంగా ఛార్జి చేయడం తరువాతి చిక్కులు. పెద్ద సంస్థల్లో ఒక్కో చిక్కుకు ఒక్కో బృందం ఉంటుంది; ఇక్కడ అన్నింటినీ ఒక్క మనిషే మోయాలి.

ఇదే కాలంలో చైనాలోని షెన్‌జెన్‌లో మరో రకమైన బహిరంగత వర్ధిల్లుతోంది. అమెరికన్ ఇంజనీరు ఆండ్రూ హువాంగ్ 2013లో అక్కడి మార్కెట్లో 12 డాలర్లకు ఒక కొత్త ఫోను కొని విప్పి చూసినప్పుడు, అంత చవకతనం వెనుక కర్మాగారాల మధ్య సర్క్యూట్ పటాలు, చిప్పు పత్రాలు చేతులు మారే ఒక వాడుక ఉందని వివరించాడు. గోప్యం అన్న ముద్ర ఉన్న పత్రాలనే అక్కడివారు పంచుకుంటారు, దీన్ని వారు గోంగ్‌కాయ్ అంటారు. పాశ్చాత్య దేశాల్లోలాగా రాతపూర్వక లైసెన్సు దీనికి ఉండదు. ఆ పద్ధతిలోని జ్ఞానాన్ని చట్టబద్ధమైన ఓపెన్ సోర్స్‌లోకి తేవాలన్న ఉద్దేశంతో హువాంగ్, షాన్ క్రాస్ కలిసి మీడియాటెక్ ఎంటీ6260 చిప్పును శోధించి, 2014 చివర ఫెర్న్‌వేల్ అనే బోర్డును ప్రకటించారు. తెర, మీటలు, నిల్వ, యూఎస్‌బీ పనిచేశాయి. సెల్యులార్ రేడియో జోలికి మాత్రం వారు వెళ్లలేదు.

భారతదేశంలో ఓపెన్ హార్డ్‌వేర్ ఆలోచన ఓపెన్‌మోకో కన్నా ముందే పుట్టింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు, ఎంకోర్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంజనీర్లు కలిసి ఏర్పరచిన సింప్యూటర్ ట్రస్టు, చదువురానివారు కూడా వాడగల చేతి కంప్యూటరును 2001లో నమూనాగా చూపి, దాని హార్డ్‌వేర్ రూపకల్పనకు ప్రత్యేకంగా ఒక బహిరంగ లైసెన్సును రాసింది. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో తయారై అమిడా పేరుతో మార్కెట్లోకి వచ్చిన ఆ యంత్రపు చవక నమూనాయే పది వేల రూపాయలకు కాస్త తక్కువ; సెల్‌ఫోన్లు వేగంగా చవకవుతున్న ఆ రోజుల్లో అది నిలదొక్కుకోలేకపోయింది. తరువాత చట్టాల వైపు నుంచి కట్టుబాట్లు పెరిగాయి. ప్రతి ఫోనును ప్రపంచంలో విడిగా గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య లేని ఫోన్లను 2009లో నెట్‌వర్క్‌ల నుంచి తొలగించారు, 2012 సెప్టెంబరు నుంచి శరీరం గ్రహించే రేడియో శక్తికి కిలోకు 1.6 వాట్ల పరిమితి విధించారు. నకిలీ ఫోన్లను, ఆరోగ్య హానిని అరికట్టడానికి వచ్చిన ఈ నిబంధనలు న్యాయమైనవే. కానీ ఇంట్లో ఒక్క ఫోను తయారు చేసుకునే వ్యక్తికి సొంతంగా ఐఎంఈఐ పొందే దారి లేదు, మాడ్యూలుతో వచ్చిన సంఖ్యే అతనికి శరణ్యం. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం షియోమీ ఫోన్లను కూర్చడం మొదలుపెట్టాక ఆంధ్రప్రదేశ్ ఫోన్ల తయారీ పటంలోకి వచ్చింది, కానీ లక్షల్లో కొనే అటువంటి కర్మాగారానికి అందే చిప్పులు, పత్రాలు పదుల్లో కొనేవారికి అందవు.

ఓపెన్‌మోకో ఆగిపోయాక దాని వాడకందారులు చెదిరిపోలేదు. జర్మనీకి చెందిన గోల్డెన్ డెలీషియస్ కంప్యూటర్స్ అనే చిన్న సంస్థ, ఫ్రీరన్నర్ పెట్టెలోనే అమరేలా మరింత శక్తిగల జీటీఏ04 బోర్డును రూపొందించింది. ఇదే స్ఫూర్తితో నోకియా ఎన్900 ఫోను పెట్టెలో కొత్త బోర్డు అమర్చాలని 2013లో మొదలైన నియో900 చందాలు సేకరించినా ఉత్పత్తి దశకు చేరలేదు. పాత పెట్టెను ఆశ్రయించడంలో తెలివి ఉంది: ప్లాస్టిక్ పోతపోసే అచ్చుకు అయ్యే భారీ ఖర్చు మిగులుతుంది. అయితే పదుల సంఖ్యలో, వందల సంఖ్యలో కొనేవారికి చిప్పుల తయారీదారులు జవాబివ్వరు. బోర్డు గీసి, పరీక్షించి, సరిచేసే రెండు మూడేళ్లలో పటంలో రాసుకున్న భాగాలే తయారీ నుంచి తప్పుకుంటాయి. కాలంతో ఈ పందెంలో చిన్న బృందాలు ఎప్పుడూ వెనుకబడే ఉన్నాయి.

2017 ఆగస్టులో అమెరికాకు చెందిన ప్యూరిజం సంస్థ లిబ్రెం 5 కోసం 15 లక్షల డాలర్ల లక్ష్యంతో చందాలు కోరి 20 లక్షలకు పైగా సేకరించింది. 2019 జనవరిలో ఇస్తామన్న ఫోను తొలి విడతలు ఆ ఏడాది చివర్లోనూ, పెద్ద ఎత్తున ఉత్పత్తి 2020 నవంబరులోనూ వచ్చాయి. ఆలస్యానికి మూలం చిప్పు ఎంపికలో ఉంది: ఫోన్ల కోసం చేసి బయట అమ్మే చిప్పుల్లో చాలావాటిలో మోడెమ్ ప్రాసెసరుతో కలిసే ఉంటుంది కనుక, మోడెమ్ లేని చిప్పు కోసం ఎన్‌ఎక్స్‌పీ సంస్థ పారిశ్రామిక యంత్రాలకు, వాహనాలకు చేసే ఐ.ఎంఎక్స్ 8ఎంను ఎంచుకోవలసి వచ్చింది. జేబులో బ్యాటరీపై బతకడానికి పుట్టని ఆ చిప్పును చల్లబరచడం, నిద్రపుచ్చడం ఏళ్ల తరబడి సాగింది, ఫోను మందం 15 మిల్లీమీటర్లు దాటింది. మోడెమ్‌ను విడిగా తీసి మార్చగల కార్డుపై పెట్టడం, దానికీ మైకు, కెమెరాలకూ విద్యుత్తునే కత్తిరించే స్విచ్చులు అమర్చడం దాని విశిష్టతలు. దానికోసం రాసిన ఫోష్ అనే తెర వ్యవస్థ ఇప్పుడు అనేక ఇతర ఫోన్లలో నడుస్తోంది.

2020 జనవరిలో పైన్64 సంస్థ 150 డాలర్లకు తెచ్చిన పైన్‌ఫోన్ వేరే మార్గం పట్టింది. ఆల్‌విన్నర్ ఏ64 అనే పాత, చవక, లినక్స్ కెర్నల్‌లో అప్పటికే బాగా తెలిసిన చిప్పును తీసుకొని, ఫోనును మాత్రమే తయారుచేసి, సాఫ్ట్‌వేర్ బాధ్యతను ప్రపంచంలోని స్వచ్ఛంద రచయితలకు అప్పగించింది. దీన్ని బాధ్యత తప్పించుకోవడంగా విమర్శించినవారు ఉన్నారు. కానీ ఓపెన్‌మోకో విఫలమైన చోటే, అంటే సొంత సాఫ్ట్‌వేర్ భారాన్ని మోయబోయిన చోటే, ఈ నిర్ణయం ఫలించిందని ఒప్పుకోవాలి. ఫోన్లకు లినక్స్‌ను సిద్ధం చేసే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వంటి సంఘాలు అప్పటికే సిద్ధంగా ఉండడం దానికి కలిసివచ్చింది. ప్రాసెసరులోని చిన్న సహాయక చిప్పును నడిపి ఫోనును నిద్రపుచ్చే క్రస్ట్ అనే ప్రోగ్రాము, క్వెక్టెల్ ఈజీ25-జీ మోడెమ్‌లోనే నడుస్తున్న లినక్స్‌కు బదులుగా ఒక స్వచ్ఛంద రచయిత రాసిన బహిరంగ ప్రోగ్రాము ఈ ఫోను పుణ్యమాని వాడుకలోకి వచ్చాయి. రెండవదానితో మూసిన మోడెమ్ అనే గోడ ఒక అడుగు వెనక్కి జరిగింది: మోడెమ్ లోపలి లినక్స్ వాడకందారుడి చేతికి వచ్చింది, రేడియోను నడిపే సంకేత ప్రాసెసరు మాత్రం మూసే ఉంది.

నెట్‌వర్క్‌లు అంతలో మారిపోయాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 2016తో 2జీని మూసివేయడంతో మెల్లిస్ ఫోను, పైఫోను ఆ నెట్‌వర్క్‌లో మూగబోయాయి; 2022 ఫిబ్రవరిలో అది 3జీని కూడా మూసివేసింది. 2020లో జస్టీన్ హాప్ట్ అనే ఇంజనీరు పాత టెలిఫోనుల అంకెల చక్రంతో చేసి ప్రచురించిన సెల్‌ఫోను 3జీ మాడ్యూలుపై ఆధారపడినదే. దాన్ని తరువాత 4జీ కోసం తిరిగి రూపొందించవలసి వచ్చింది. భారతదేశంలో 2జీ ఇంకా నడుస్తున్నా, 2016 సెప్టెంబరులో 4జీతోనే మొదలైన జియోలో పాత మాడ్యూళ్లకు చోటు లేదు. 2జీలో మాట్లాడడం మోడెమ్‌కు పుట్టుకతో వచ్చిన విద్య, ఒక ఆదేశం పంపితే కాల్ కలుస్తుంది. 4జీలో మాట కూడా ఇంటర్నెట్ పొట్లాలుగానే ప్రయాణిస్తుంది, ఆ ఏర్పాటును వోల్టీ అంటారు; అది పనిచేయాలంటే ఒక్కో టెలికాం సంస్థకు సరిపోయే అమరికలు మోడెమ్‌లో ఉండాలి, కొన్ని సంస్థలు తాము పరీక్షించి ఆమోదించిన ఫోన్లకే ఆ సేవ అందిస్తాయి. పైన్‌ఫోను మోడెమ్‌లో ఈ అమరికలు సంస్థ పేరు ఉన్న ఒక్కో ఫైలుగా నిక్షిప్తమై ఉంటాయి. వాడకందారుడు తన సంస్థకు దగ్గరగా ఉన్నదాన్నో, లేకపోతే అందరికీ ఉద్దేశించిన సాధారణ ఫైలునో ఎంచుకొని, మోడెమ్‌ను తిరిగి ప్రారంభించి, కాల్ కలుస్తుందో లేదో చేసి చూసుకోవాలి.